నీలం డబ్బాలో వేశాం సరే... తర్వాత?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి బ్లాగు రాసుకునేవాణ్ని. రెండేళ్ల కిందట ఎందుకో ఉత్సాహం పుట్టి ‘చెత్తను వేరుచేయడం ఇంత తేలికా!’ అని ఒక పోస్టు పెట్టా. తడి చెత్త పచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో, అంతే అన్నా. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దాన్ని తెగ పంచుకున్నారు. సెక్రటరీ గారు ‘యువత ఇలా ఉండాలి’ అని చప్పట్ల బొమ్మ కూడా పెట్టారు.

ఆ గర్వం మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున పావుగంటలో దిగిపోయింది.

ఆ నెలంతా ఊళ్లో లేకపోవడం, ఉన్న రోజుల్లో ఆటో వచ్చే వేళకి నేను నిద్రలేవకపోవడంతో బాల్కనీలో పొడి చెత్త రెండు బస్తాలు పేరుకుంది. స్కూటీ మీద పెట్టుకుని హైదరాబాద్‌లో మాకు దగ్గర్లో ఉన్న పొడి చెత్త సేకరణ కేంద్రానికి తీసుకెళ్లా. రేకుల షెడ్డు, ఒక కాటా, గోడ పక్కన తాళ్లతో కట్టిన అట్టల దిండ్లు. నలుగురు ఆడవాళ్లు కింద కూర్చుని చెత్త ఏరుతున్నారు. వాళ్లలో పెద్దావిడ లేచి వచ్చి నా బస్తాలు పట్టా మీద గుమ్మరించింది. మెచ్చుకుంటుందేమో అని నవ్వుతూ నిలబడ్డా.

‘‘ఏంది తమ్మీ, ఇండ్లకెల్లి పెరుగు కారుతుంది?’’ అంది.

సగం తిని మూతపెట్టిన పెరుగు డబ్బా ఒకటి మధ్యలో ఎక్కడో విచ్చుకుంది. దాని కింద నెల రోజుల న్యూస్‌పేపర్లు, రెండు అట్టపెట్టెలు తడిసి, బూజుపట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పక్కనే అడుగున మామిడి రసం మిగిలిన సీసా, దాని నిండా చీమలు. బిర్యానీ డబ్బాలకు నూనె అలాగే ఉంది. ఆవిడ చేతులు చకచకా కదిలాయి. పనికొచ్చేవి కుడివైపు, రానివి ఎడమవైపు. చూస్తుండగానే ఎడమవైపు కుప్ప పెరిగిపోయింది. కాటా మీద పెడితే తొమ్మిది కిలోల్లో నాలుగు కిలోలు కూడా తేలలేదు. ‘‘గీ పేపర్ ఎవరు కొంటరు తమ్మీ? పాడైపాయె గదా’’ అని ఆ ముద్దని తీసి అవతల పడేసింది.

కోపంగా అనలేదు. రోజూ అనే మాటలా అంది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ తర్వాత మూడు ఆదివారాలు వెళ్లి అక్కడే కూర్చున్నా. ఈ వ్యాసంలో ఉన్నదాంట్లో సగం ఆవిడ చెప్పింది, మిగతా సగం నేను బీటెక్‌లో పరీక్ష ముందురోజు రాత్రి చదివి మర్చిపోయి, మళ్లీ ఇప్పుడు తీసి చదువుకున్నది.

ఒక్క డబ్బా చాలు

రీసైక్లింగ్‌లో అసలు శత్రువు చెత్త కాదు, కలిసిపోవడం. కాగితం సంగతే చూడండి. కాగితాన్ని మళ్లీ కాగితం చేయాలంటే ముందు నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. నీళ్లకీ నూనెకీ పడదని మనకు తెలుసు. పిజ్జా డబ్బాకి అంటిన నూనె ఆ గుజ్జులో కరగదు, మరకలై కొత్త కాగితంలో తేలుతుంది. అందుకే నూనె అట్టని మిల్లువాళ్లు వద్దంటారు. అలాగని డబ్బా మొత్తం పడేయక్కర్లేదు. పిజ్జా డబ్బా పైమూత చాలాసార్లు శుభ్రంగానే ఉంటుంది. దాన్ని చింపి పొడి చెత్తలో వేయండి, నూనె అంటిన కింది అట్టని ముక్కలు చేసి తడి చెత్తలో వేయండి. ఎరువుగా మారుతుంది.

టీ తాగే పేపర్ కప్పు పేరుకే పేపర్. కారిపోకుండా లోపల సన్నటి పాలిథిన్ పొర అంటిస్తారు. మామూలు కాగితం మిల్లులో ఆ పొర విడదీయడం కష్టం. ఏటీఎం స్లిప్పులు, సూపర్‌మార్కెట్ బిల్లులు కూడా మామూలు కాగితం కాదు. వేడి తగిలితే నల్లబడే రసాయన పూత ఉంటుంది వాటికి. గోరుతో గీకి చూడండి, గీత పడితే అదే. పాత పేపర్లలో వీటిని కలపొద్దు.

టిష్యూ పేపర్లు, చేతులు తుడుచుకున్న నాప్కిన్లు కూడా కాగితాల కుప్పలోకి రావు. వాటిల్లో పీచు మరీ పొట్టిగా ఉంటుంది, పైగా తడి, మురికి. తడి చెత్తలోకే.

బకెట్ నీళ్లు, రెండు ముక్కలు

ప్లాస్టిక్ దగ్గర కథ ఇంకాస్త చిక్కు. సీసా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది చూడండి, 1 నుంచి 7 దాకా. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆ బాణాల గుర్తు చూసి ‘ఇది రీసైకిల్ అవుతుంది’ అని నేనూ చాన్నాళ్లు అనుకున్నా. కాదు. అది ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, అంతే. 1 అంటే పెట్, మంచినీళ్ల సీసాలు. 2 అంటే హెచ్‌డీపీఈ, షాంపూ, ఫినాయిల్ సీసాలు. 3 పీవీసీ, 4 ఎల్‌డీపీఈ, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరిన్, అంటే థర్మోకోల్ జాతి. 7 అంటే ‘ఇవేవీ కానివి’. కొనేవాడు దగ్గర్లో ఉంటేనే ఏ అంకైనా రీసైకిల్ అయ్యేది.

ఇంట్లోనే ఒక ప్రయోగం చేసి చూడండి. నీళ్ల సీసాలోంచి చిన్న ముక్క కత్తిరించండి, దాని మూతలోంచి మరో ముక్క. రెండూ బకెట్ నీళ్లలో ముంచి వదలండి. మూత ముక్క తేలుతుంది, సీసా ముక్క మునుగుతుంది. మూత చేసే పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీళ్లకంటే తేలిక, పెట్ సాంద్రత 1.38 దాకా ఉంటుంది. రీసైక్లింగ్ ఫ్యాక్టరీల్లో పెద్ద తొట్లు పెట్టి సరిగ్గా ఇదే చేస్తారు. సీసాలని తురుముగా చేసి తొట్లో వేస్తే మూతల ముక్కలు పైకి, సీసాల ముక్కలు అడుక్కి. మన బకెట్ ప్రయోగాన్నే టన్నుల లెక్కన చేస్తారన్నమాట.

ఇప్పుడు అసలు చిక్కు. పీవీసీ కూడా నీళ్లలో మునుగుతుంది. అంటే ఈ తొట్టి పెట్‌నీ పీవీసీనీ విడదీయలేదు. పెట్‌ని కరిగించాలంటే 260 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. ఆ వేడికి చేరకముందే పీవీసీ విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. అది పెట్ గొలుసుల్ని తెంపేస్తుంది, రంగు పచ్చగా మారుతుంది, యంత్రాన్నీ తినేస్తుంది. వెయ్యి కిలోల పెట్‌లో వంద గ్రాముల పీవీసీ ఉన్నా నాణ్యత దెబ్బతింటుందంటారు. మన ఇంట్లో పీవీసీ ఎక్కడుంది అంటారా? చాలా మాత్రల షీట్లలో పారదర్శకంగా ఉండే బుడగలు అవే. కొన్ని సీసాలకు ఒళ్లంతా బిగుతుగా తొడిగే రంగుల లేబుల్ తొడుగు కూడా అదే కావచ్చు. తొడుగు ఊడబీకి సీసా వేయడానికి అరనిమిషం పట్టదు. మాత్రల షీట్లు సీసాల్లో కలపకుండా వేరే కవర్లో పెట్టండి.

తడి కూడా పెట్‌కి పడదు. తేమతో కరిగిస్తే దాని గొలుసులు తెగి బలం పోతుంది. ఫ్యాక్టరీలో ఎలాగూ కడిగి ఆరబెడతారు, నిజమే. కానీ రసం మిగిలిన సీసా ఫ్యాక్టరీ దాకా వెళ్తేగా! షెడ్డులోనే చీమలు, ఈగలు, పక్కనున్న కాగితాల మీద మరకలు. అందుకే అక్క మూత తీసి, ఒంపి, తొలిచి తెమ్మంటుంది.

ఇక్కడ అందరూ అడిగేది ఒకటే: ‘చెత్త కడగడానికి నీళ్లు ఖర్చు చేయాలా?’ ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊరికి ఇది న్యాయమైన ప్రశ్న. మంచినీళ్లతో మెరిసేలా కడగక్కర్లేదు. అంట్లు తోమాక చివర్లో మిగిలిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు చాలు. ఒకసారి గిలకరించి, బోర్లించి వదిలేయడమే. పాల ప్యాకెట్లయితే మా అమ్మ ఎప్పటినుంచో అదే చేస్తుంది. ప్యాకెట్‌లో కాసిని నీళ్లు పోసి తొలిచి, ఆ నీళ్లు టీ గిన్నెలోనే పోసేస్తుంది. ప్యాకెట్ కిటికీ ఊచకి. ఒక చిన్న మాట: ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్క పూర్తిగా తెగిపోకుండా అంటుకునే ఉండేలా కోయండి. తెగిన మూల ఎవరి చేతికీ చిక్కదు, నేరుగా కాలవలోకే.

ఆశతో వేసేవి

చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరుస్తుంది కదా. అది ప్లాస్టిక్ పొరల మీద అల్యూమినియం పూత. పొరలు విడదీయడం గిట్టుబాటు కాదు కాబట్టి స్క్రాప్ దుకాణంలో దానికి ధర లేదు. ఇలాంటివాటిని చాలావరకు సిమెంటు బట్టీలకు పంపి బొగ్గుతోపాటు మండిస్తారు. దానికైనా పొడిగా ఉండాలి. అందుకే వీటన్నిటినీ ఒక కవర్లో కూరి విడిగా ఇవ్వడం మంచిది. జ్యూస్ టెట్రా ప్యాక్‌లో దాదాపు 75 శాతం అట్ట, మిగిలింది పాలిథిన్, అల్యూమినియం. దాన్ని తీసుకునే మిల్లులు ప్రత్యేకంగా ఉంటాయి. కాగితాల్లో వేస్తే కాగితం పాడు, ప్లాస్టిక్‌లో వేస్తే ప్లాస్టిక్ పాడు.

పార్సిల్ నల్ల డబ్బాలు మరో బాధ. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో ప్లాస్టిక్ రకం కనిపెట్టే యంత్రాలు ఉన్నాయి. నలుపు కోసం వాడే కార్బన్ ఆ కిరణాల్ని మింగేస్తుంది, యంత్రానికి డబ్బా కనబడదు. చేత్తో ఏరినా తక్కువ ధరే. నలుపు నుంచి నలుపే వస్తుంది తప్ప తెలుపు రాదుగా. ఆర్డర్ చేసేటప్పుడు స్టీలు క్యారియర్ పట్టుకెళ్లి తెచ్చుకోవడం మొదలుపెట్టా. హోటల్ కుర్రాడు మొదటిసారి వింతగా చూశాడు, ఇప్పుడు కాస్త ఎక్కువే పోస్తున్నాడు సాంబారు.

నా ఎడమవైపు కుప్పలో ఇంకేమున్నాయో చెబితే నవ్వుతారు. పాత టూత్‌బ్రష్‌లు, తెగిన హవాయి చెప్పు, కాలేజీ రోజుల సీడీలు, విరిగిన పింగాణీ కప్పు. ‘ఎవరో ఏదో చేస్తారులే’ అని వేసినవి. పడేయడానికి మనసొప్పక నీలం డబ్బాలో వేస్తాం, మనసు తేలికవుతుంది, బరువు ఇంకొకరి మీద పడుతుంది. పింగాణీ, వేడి తట్టుకునే గాజు గిన్నెలు మామూలు సీసాలతో పాటు కరగవు. కొలిమిలో రాయిలా మిగిలిపోయి కొత్త సీసాలో పగులుకి కారణమవుతాయి. ఒక్క కప్పే కదా అనుకుంటాం.

2018లో చైనా ఇదే కారణంతో ప్రపంచాన్ని కంగారు పెట్టింది. అప్పటిదాకా ధనిక దేశాల నుంచి చాలా పొడి చెత్త అటే పోయేది. ఆ ఏడు నుంచి చాలా రకాల ప్లాస్టిక్‌ని అసలు రానివ్వమంది, తీసుకునేవాటిలో మలినం 0.5 శాతం దాటకూడదంది. అమెరికాలో కొన్ని ఊళ్లు రీసైక్లింగ్ సేకరణే ఆపేసుకున్నాయి. వాళ్ల నీలం డబ్బాల్లో ఏముందో అప్పుడు తెలిసొచ్చింది వాళ్లకి.

ఆ చేతులు

మూడో ఆదివారం అక్క తన చేతులు చూపించింది. చూపుడు వేలు మీద అడ్డంగా పాత గాటు. ‘‘బల్బు ముక్క’’ అంది. అరచేతి కింద సూది గుచ్చుకున్న చోట చాన్నాళ్లు వాచిందట. గ్లవ్స్ ఇస్తారు, కానీ వాటితో కవర్ల ముడులు విప్పలేం, ఎండకి చేతులు నానిపోతాయి అని తీసేస్తారు.

నా బస్తాలో కూడా ఒక షేవింగ్ బ్లేడు ఉంది. నేను చూడలేదు, ఆవిడ చూసింది. ఏమీ అనకుండా తీసి ఒక డబ్బాలో వేసింది. పెరుగు కన్నా అదే నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది.

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇంటి చెత్తని మూడుగా విడదీయమన్నాయి: తడి, పొడి, ప్రమాదకరం. ఈ మూడోదే మనం మర్చిపోతాం. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. కాలం చెల్లిన మందులు, ఇన్సులిన్ సూదులు, పురుగుమందు డబ్బాలు కూడా ఇందులోకే. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు చుట్టి ఇవ్వాలని ఆ నిబంధనల్లోనే ఉండేది. న్యూస్‌పేపర్లో చుట్టి పైన స్కెచ్ పెన్నుతో ఎర్రగా గుర్తు పెట్టండి, విప్పి చూడాల్సిన అవసరం రాదు. పగిలిన గాజుకి రెండు పొరల పేపరు చుట్టి, ‘గాజు’ అని తెలుగులోనో హిందీలోనో రాసి చేతికి ఇవ్వండి. బ్లేడ్లూ, సూదులూ మూత బిగించిన గట్టి డబ్బాలో వేసి ఉంచండి.

పాత పవర్ బ్యాంకు, ఫోన్ బ్యాటరీ మాత్రం చచ్చినా పొడి చెత్తలో వేయొద్దు. లిథియం బ్యాటరీ లారీలో నలిగితే లోపల షార్టై అంటుకుంటుంది. చుట్టూ ఉన్నదంతా కాగితం, ప్లాస్టిక్. గ్యాడ్జెట్ల గురించి రాసే నాలాంటివాళ్లు కొత్త ఫోన్ల రివ్యూలతో పాటు పాతవాటిని ఈ-వేస్ట్ తీసుకునే చోట ఎలా ఇవ్వాలో కూడా రాయాల్సింది. రాయలేదు.

‘ఆటోలో కలిపేస్తారుగా?’

ఈ మాట వినని అపార్ట్‌మెంట్ ఉండదు. హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ పచ్చ, నీలం డబ్బాలు పంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్ 2న క్లాప్ కార్యక్రమం మొదలుపెట్టి ఎర్ర డబ్బా కూడా కలిపి మూడేసి ఇచ్చారు. ఇప్పుడు వాటిల్లో చాలా డబ్బాలు ఎక్కడున్నాయో తెలుసా? బియ్యం పోసుకోవడానికో, బట్టలు నానబెట్టడానికో. డబ్బా పంచడం తేలిక, అలవాటు పంచడమే కష్టం. 2000ల ఆరంభంలో సూర్యాపేట మున్సిపాలిటీ ఏ హంగామా లేకుండా ఇంటింటి నుంచీ తడి, పొడి విడిగా తీసుకుని, తడిని ఎరువు చేసి, పొడిని అమ్మి దేశమంతా తనవైపు చూసేలా చేసింది. ఇవాళ్టి మన స్మార్ట్ నగరాల కన్నా ముందే!

ఆటోలో కలిపేయడం కొన్నిచోట్ల నిజమే. దబాయించి కాదనను. కానీ నాకు దొరికిన దారి ఇది: తడి చెత్త రోజూ ఇవ్వాల్సిందే, కుళ్లుతుంది కాబట్టి. శుభ్రంగా ఉన్న పొడి చెత్త కుళ్లదు, వాసన రాదు. దాన్ని రోజూ ఎందుకివ్వాలి? వారం, పది రోజులు ఇంట్లోనే ఒక గోనెసంచిలో ఉంచి, నేరుగా సేకరణ కేంద్రానికో, వీధి చివర స్క్రాప్ దుకాణానికో ఇవ్వొచ్చు. కలిపే అవకాశమే ఉండదు.

నిజానికి ఇది కొత్తేమీ కాదు. మా చిన్నప్పుడు పాత పేపర్లు మంచం కింద నలగకుండా మడతపెట్టి ఉండేవి, సీసాలు తోమి బోర్లించి ఉండేవి. ‘పాత పేపర్లు, ఇనప సామాన్లు కొంటాం’ అని అరుపు వినబడగానే అమ్మ బయటికొచ్చి కాటా ముల్లు వైపు అనుమానంగా చూస్తూ బేరమాడేది. ఆవిడకి పాలిమర్లు తెలీదు. తడిసిన పేపరు కొనడని తెలుసు, అంతే. చెత్త ఎప్పుడైతే ఉచితంగా పోయే వస్తువైందో అప్పుడే మనకి దాని శుభ్రత అక్కర్లేకుండా పోయింది.

ఇందులో ఉద్యోగాలున్నాయా?

ఈ పేజీ చదివేవాళ్లు అడిగేది ఇదే కాబట్టి చెబుతా. ప్యాకింగ్ ప్లాస్టిక్ వాడే కంపెనీలే దాన్ని వెనక్కి సేకరించే బాధ్యత తీసుకోవాలని కేంద్రం నిబంధన పెట్టింది. 2022 సవరణల ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26లో 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలి. 2028-29కి అది 60 శాతం. అంటే శుభ్రమైన ప్లాస్టిక్‌కి గిరాకీ కాగితం మీద రాసిపెట్టి ఉంది. హైదరాబాద్‌లోనే బన్యన్ నేషన్ పాత ప్లాస్టిక్‌ని మళ్లీ సీసాలకు పనికొచ్చే గుళికలుగా మారుస్తోంది, రీసైకల్ సంస్థ సేకరించేవాళ్లనీ కొనేవాళ్లనీ డిజిటల్‌గా కలుపుతోంది. ఇలాంటి చోట్ల పాలిమర్ పరీక్షలు చేసేవాళ్లు, ఏరివేత యంత్రాలకు సెన్సర్లు, కెమెరాల ప్రోగ్రామ్ రాసేవాళ్లు, సరుకు ఎక్కడినుంచి ఎక్కడికెళ్లిందో లెక్క చూసేవాళ్లు కావాలి. ప్లాస్టిక్ మీదే చదవాలనుంటే సిపెట్ ఉంది, మనకి హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ. పదో తరగతి తర్వాత డిప్లొమాలు, బీఎస్సీ తర్వాత పీజీ డిప్లొమా ఉన్నాయి.

ఒక్కటి మాత్రం ముందే అనుకోండి, ఏసీ గదిలో మొదలయ్యే పని కాదిది. ఏఐతో చెత్త ఏరే ప్రాజెక్టు చేస్తున్నామని కాలేజీ పిల్లలు నాకు మెయిల్స్ పెడుతుంటారు. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోల్లో సీసాలన్నీ తళతళలాడుతూ ఉంటాయి. పెరుగు అంటిన సీసా, నలిగిన సీసా, కవర్లో ముడేసిన సీసా మీ కెమెరాకి కనబడుతుందా అని అడిగితే జవాబు రాదు. ముందు ఒక షెడ్డుకెళ్లి రెండు రోజులు కూర్చోండి. మీ ప్రాజెక్టు మారిపోతుంది.

నేను పోయిన నెల మళ్లీ వెళ్లా. ఈసారి ఒకటే బస్తా. సీసాలు తొలిచి ఆరబెట్టినవి, పేపర్లు కట్టగట్టినవి, చిప్స్ ప్యాకెట్లు విడిగా ఒక కవర్లో, బ్లేడ్లు మూత ఉన్న డబ్బాలో. అక్క గుమ్మరించి కలియబెట్టింది. ఆరు కిలోలకి కాస్త తక్కువ తూగింది, దాదాపు అంతా కుడివైపే. నేను ఫోన్ తీసి ఫొటో కొట్టుకుంటుంటే ఆవిడ కుప్పలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. టూత్‌పేస్ట్ ట్యూబు.

‘‘గిది ఎవరు తీస్కోరు తమ్మీ’’ అంది. ‘‘మిగిలిందంతా మంచిగనే ఉంది.’’